నేరానికి అడ్డుకట్ట: శిక్షా, సిగ్గా?

దాదాపు ఒక శతాబ్దం పాటు నేరస్థుల వలసగా ఉన్న అండమాన్ దీవుల చరిత్ర, మనిషిని తప్పు చేయకుండా ఆపే శక్తి ఏది అన్న ప్రశ్నకు అనుకోని సమాధానాలు చెబుతుంది

1890లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం ఇద్దరు అధికారులను అండమాన్ దీవులకు పంపింది. ఒకరు సివిల్ సర్వీసుకు చెందిన చార్లెస్ జేమ్స్ లయల్. మరొకరు జైళ్ళ నిర్వహణలో ఆరితేరిన వైద్యుడు ఆల్ఫ్రెడ్ స్వెయిన్ లెత్‌బ్రిడ్జ్. వారు విచారించవలసిన విషయం వింతైనది. ఉరిశిక్ష తరువాత అంతటి ఘోరమైనదిగా చట్టం భావించిన ద్వీపాంతరవాస శిక్షకు జనం భయపడటం మానివేశారు. అంతేకాదు, స్వదేశపు జైళ్ళలో మగ్గటం కంటె సముద్రం దాటి పోర్ట్ బ్లెయిర్ చేరటమే మేలని ఖైదీలు తలపోస్తున్నారు!

భయపెట్టడానికే పుట్టిన శిక్ష భయం పుట్టించలేకపోతే దాని ప్రయోజనమేమిటి? ఆ ప్రశ్న ఆనాటి ప్రభుత్వాన్ని కలవరపెట్టింది. దాని వెనుక మరింత పెద్ద ప్రశ్న ఉన్నది. మనలో అత్యధికులు దొంగతనం చేయరు, హత్య చేయరు. అలా చేయకుండా మనలను ఆపుతున్నది పోలీసువాని లాఠీయా, పొరుగువాని చూపా?

నల్లనీళ్ళ భయం

1858 మార్చి 10వ తేదీన డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ రెండు వందల మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్ రేవులో దిగాడు. వారిలో అధికులు అంతకు ముందు ఏడు జరిగిన తిరుగుబాటులో పట్టుబడినవారు. ఆ నాటి నుంచి ఈ దీవులకు జనం పెట్టుకొన్న పేరు ‘కాలాపానీ’.

ఆ పేరులో రెండు భయాలు కలిసి ఉన్నాయి. మొదటిది చట్టం విధించే కష్టం: అడవి నరకటం, మలేరియా, కాళ్ళకు సంకెళ్ళు. రెండవది లోకం విధించే కష్టం. సముద్రం దాటినవాడు కులభ్రష్టుడని నమ్మే రోజులవి. ఓడలో ఎవరు వండినదో తినాలి, ఎవరు ముట్టినదో తాగాలి. శిక్ష ముగించుకొని తిరిగి వచ్చినా వానితో పంక్తిని కూర్చునేవారుండరు. వాని ఇంటి పిల్లను చేసుకునేవారుండరు. బ్రిటిష్ పాలకులు ఈ సంగతి ఎరుగుదురు. ఎరిగే, ఆ భయాన్ని తమ శిక్షాస్మృతికి బలంగా వాడుకొన్నారు. న్యాయాధిపతి వేసిన శిక్షకు ఊరివారు తమ వంతు శిక్షను ఉచితంగా జోడించేవారన్నమాట.

అయినా తొలి నెలలలోనే భయం ఓడిపోయింది. అడవి దాటితే బర్మా వస్తుందన్న ఆశతో ఖైదీలు గుంపులు గుంపులుగా పారిపోసాగారు. పారిపోయినవారిలో చాలామంది ఆకలికో, ఆదివాసుల బాణాలకో బలి అయ్యారు. పట్టుబడినవారిలో ఎనభై మందికి పైగా వాకర్ ఉరి తీయించాడు. ఈ చర్యను కలకత్తాలోని ప్రభుత్వమే మెచ్చుకోలేదు. ఉరికంబాన్ని కళ్ళారా చూసిన తరువాత కూడా పారిపోయేవారు పారిపోతూనే ఉన్నారు. కోల్పోవడానికి ఏమీ మిగలని మనిషిని బెదిరించటం ఎంత కష్టమో ఆ నెలలు తేల్చి చెప్పాయి.

భయం ఎలా కరిగింది?

తరువాత పాలకులు పంథా మార్చారు. సత్ప్రవర్తన చూపిన ఖైదీని మెట్టు మెట్టుగా పైకి తెచ్చే విధానాన్ని ప్రవేశపెట్టారు. కొన్నేళ్ళు గట్టిపని చేసి మంచివాడనిపించుకొన్నవానికి కొంత భూమి ఇచ్చేవారు. అతడు పశువులను పెంచుకోవచ్చు, పంట పండించుకోవచ్చు, కుటుంబాన్ని పిలిపించుకోవచ్చు. లేదా అధికారుల అనుమతితో స్త్రీ ఖైదీని పెళ్ళాడి ఇల్లు కట్టుకోవచ్చు. పట్టణంలోని డైరీ ఫార్మ్, షాదీపూర్ వంటి పేటల పేర్లలో నేటికీ పాడి, పెళ్ళి అన్న మాటలు వినిపిస్తాయి. చెరసాల మాట వినిపించదు.

లయల్, లెత్‌బ్రిడ్జ్‌లు వచ్చేసరికి ద్వీపాంతరంలోని భయం కరిగిపోవటానికి రెండు కారణాలున్నాయి. ఒకటి అందరికీ కనిపించేదే: కష్టం తగ్గింది, బ్రతుకుదెరువు దొరికింది. రెండవ కారణం అంత సులభంగా కంటికి ఆనేది కాదు. ఇక్కడ ఖైదీని చూసి ముఖం తిప్పుకొనేవారు లేరు. వడ్లవాడు ఖైదీ, పాలవాడు ఖైదీ, పెళ్ళికి పెద్దగా నిలిచినవాడూ ఖైదీ. అందరూ ఖైదీలే అయినచోట ఆ మాట నింద కాకుండా పోతుంది. శిక్షలోని సగం బలం సిగ్గు. ఆ సగమూ ఈ దీవులలో సముద్రం పాలయింది.

అధికారులిద్దరూ చేసిన సిఫారసు తేటతెల్లమైనది: శిక్షను మళ్ళీ భయంకరం చేయాలి. కొత్తగా వచ్చిన ప్రతి ఖైదీనీ తొలి ఆరు నెలలు ఏకాంత కొట్టులో ఉంచాలి. దాని ఫలమే 1896లో మొదలై 1906లో ముగిసిన సెల్యులర్ జైలు. నడుమ ఒక గోపురం, దాని చుట్టూ చక్రానికి ఆకుల వలె ఏడు మూడంతస్తుల భవనాలు, వాటిలో 690కి పైగా ఒంటరి కొట్లు. ఒక వరుస కొట్ల ముఖం ఎదుటి వరుస వీపు వైపు ఉండేలా కట్టారు. ఒక ఖైదీ మరొక ఖైదీ ముఖం చూడరాదు. పగలంతా కొబ్బరి పీచు దంచటం, ఎద్దువలె గానుగ తిప్పటం. ఈ కట్టడంలోని క్రూరత్వమంతా ఒక్క ఆలోచనలో ఉంది: మనిషికి మనిషి కనిపించకుండా చేయటం.

ఆ గోడలు దేశభక్తులను ఆపగలిగాయా? లేదు. వినాయక దామోదర్ సావర్కర్ 1911లో ఇక్కడికి వచ్చాడు. ఆయనకు ముందూ వెనుకా బెంగాల్, పంజాబ్ విప్లవకారులు వరుసగా వచ్చారు. మన్యంలో తిరుగుబాటు చేసిన రంపవీరులకు కూడా ఈ దీవులు అపరిచితం కావు. 1933లో జైలులో జరిగిన నిరాహారదీక్షలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మొయిత్రా ప్రాణాలర్పించారు. 1937లో మళ్ళీ దీక్ష సాగింది. 1938 జనవరి నాటికి రాజకీయ ఖైదీలను స్వదేశానికి తరలించక తప్పలేదు. పాలకుల లెక్కలో అది అత్యంత కఠిన శిక్ష. దేశం దృష్టిలో అది తీర్థయాత్ర. చట్టం చెప్పే నిందను లోకం అంగీకరించనప్పుడు శిక్ష బిరుదుగా మారుతుంది.

1919–20లో అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతన ఏర్పడిన జైళ్ళ సంఘం ద్వీపాంతరవాసాన్ని క్రమంగా నిలిపివేయమని సలహా ఇచ్చింది. 1945లో జపాన్ ఆక్రమణ ముగిశాక ఖైదీల వలస రద్దయింది. 1955లో జరిగిన సవరణతో భారత శిక్షాస్మృతిలోనే ‘ద్వీపాంతరవాసం’ అన్న మాటకు బదులు ‘యావజ్జీవ కారాగారం’ వచ్చి చేరింది.

న్యాయస్థానం లేని సమాజం

చరిత్రలోని చమత్కారమేమంటే, ఉరికంబాలతో సంకెళ్ళతో బ్రిటిష్‌వారు క్రమశిక్షణ నేర్పబూనిన ఈ దీవులలోనే, అవేవీ లేకుండా వేల ఏండ్లు బ్రతికిన మానవులున్నారు. మానవశాస్త్రజ్ఞుడు ఏ. ఆర్. రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1906–08 మధ్య గ్రేట్ అండమానీ తెగలను పరిశీలించాడు. ఆయన గ్రంథం 1922లో వెలువడింది. ఆ తెగలలో రాజు లేడు, న్యాయాధిపతి లేడు, తప్పుకు ఇంత శిక్ష అని సమాజం విధించే ఏర్పాటు లేదు. కోపంలో ఒకరిని చంపినవాడు తనంత తానే అడవిలోకి తొలగిపోయి, జనం కోపం చల్లారిన తరువాత తిరిగి వచ్చేవాడు. సోమరికి శిక్ష లేదు; కాని అతని పట్ల అందరి గౌరవం సన్నగిల్లేది. వేట, తిండి, ఆశ్రయం అన్నీ పదిమందితో ముడిపడి ఉన్న చోట ఆ గౌరవ నష్టమే మోయలేని బరువు.

అయితే ఆదిమ సమాజాలలో మనిషి ఆచారానికి బానిస అని భావించటం పొరపాటు. బ్రొనిస్లావ్ మలినోవ్‌స్కీ 1926లో ప్రకటించిన తన గ్రంథంలో పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవులకు చెందిన కిమాయ్ అనే యువకుని ఉదంతం చెప్పాడు. అతడు తన మేనత్త బిడ్డను కాదు, తల్లి అక్కచెల్లెళ్ళ వైపు పిల్లను ప్రేమించాడు. అక్కడి నియమం ప్రకారం అది మహాపరాధం. ఆ సంగతి ఊరిలో చాలామందికి తెలుసు. గుసగుసలాడుకొన్నారే తప్ప ఎవరూ ఏమీ అనలేదు. చివరికి ఆ పిల్లను ఆశించి భంగపడిన మరొక యువకుడు ఊరందరూ వినేట్లు ఆ మాట బయటపెట్టి దూషించాడు. మరునాడు కిమాయ్ అలంకరించుకొని కొబ్బరిచెట్టెక్కి, తన మాట తాను చెప్పుకొని, కిందికి దూకి మరణించాడు.

గమనించవలసినది ఇదే. నేరం అందరికీ తెలియటం వేరు, తెలిసినట్లు అందరి ఎదుట ఒప్పుకోవలసి రావటం వేరు. మన ఊళ్ళలోనూ అంతే. గోడ చాటు తప్పుకు గుసగుసలే శిక్ష. రచ్చకెక్కిన తప్పుకు మాత్రం ‘నలుగురిలో తల ఎలా ఎత్తుకోను’ అన్న వేదన. సిగ్గుకు సాక్షులు కావాలి.

ఎంత శిక్ష అని కాదు, ఎంత ఖాయమని

అలాగని శిక్షాభయం ఉత్తదని తోసిపుచ్చలేము. ‘దండం దశగుణం భవేత్’ అన్నది ఊరకే పుట్టిన మాట కాదు. 1944 సెప్టెంబరులో జర్మన్ సైన్యం తన ఆక్రమణలో ఉన్న డెన్మార్క్‌లో పోలీసు బలగాన్ని నిర్బంధించింది. యుద్ధం ముగిసేవరకు కోపెన్‌హేగెన్ నగరానికి నిజమైన పోలీసులు లేరు. అరకొరగా ఏర్పరచుకొన్న కాపలా మాత్రమే ఉండేది. దోపిడీలు, దొంగతనాలు కొద్దికాలంలోనే అనేక రెట్లు పెరిగాయి. కాని మోసం, సొమ్ము కాజేయటం వంటి నేరాలు అంతగా పెరగలేదు. కారణం సులభం. గుమాస్తా డబ్బు తింటే ఎవరు తిన్నారో వెంటనే తెలుస్తుంది. పోలీసులు ఉన్నా లేకున్నా అతని పేరు బయటపడుతుంది. చీకటిలో సంచి లాక్కొన్నవాడు ఎవరో పోలీసు పట్టుకొంటేనే తెలుస్తుంది. మనిషి లెక్కలు వేసుకొనేది ప్రధానంగా దొరికిపోవటాన్ని గూర్చి.

ఈ సత్యాన్ని ఇటలీ దేశస్థుడు చెజారే బెక్కారియా 1764లోనే చెప్పాడు. శిక్ష కఠినంగా ఉండటం కంటె తప్పనిసరిగా, త్వరితంగా పడటమే నేరాన్ని ఎక్కువగా అరికడుతుందని ఆయన వాదం. ఆనాటి ఇంగ్లండులో రెండు వందలకు పైగా నేరాలకు మరణశిక్ష ఉండేది. జేబు కొట్టటం కూడా వాటిలో ఒకటి; 1808లో శామ్యూల్ రోమిలీ కృషి వలన ఆ శిక్ష తొలగింది. ఫలితమేమిటి? చిన్న దొంగతనానికి మనిషి ప్రాణం తీయటానికి మనసొప్పని జ్యూరీలు, పోయిన సొత్తు వెలను తగ్గించి చెప్పి ముద్దాయిని గండం నుంచి తప్పించేవి. శిక్ష మితిమీరితే అది అమలుకాదు. అమలుకాని శిక్షకు ఎవరూ జంకరు.

అంతకు ఎన్నో శతాబ్దాల ముందే మన కౌటిల్యుడు ఇదే సూత్రాన్ని మరొక విధంగా నిరూపించాడు. దండం మరీ తీక్ష్ణమైతే ప్రజలు బెదిరి రాజును ద్వేషిస్తారు. మరీ మెత్తనైతే లెక్కచేయరు. తప్పుకు తగినట్లు దండించేవాడే మన్నన పొందుతాడు. ఇటీవలి దశాబ్దాలలో అమెరికా నేరశాస్త్రజ్ఞుడు డేనియల్ నేగిన్ వంటివారు జరిపిన పరిశీలనలు కూడా, నేరస్థుని ఆపేది శిక్షాకాలపు పొడవు కాక పట్టుబడే అవకాశమేనని చెబుతున్నాయి. కోట్ల సంఖ్యలో కేసులు తీర్పు కోసం ఎదురుచూస్తున్న మన దేశానికి ఈ పాఠం వర్తించినంతగా మరే దేశానికీ వర్తించదేమో!

ఎవరి మెప్పు కోసం?

లోకనింద నేరాన్ని ఆపుతుందన్న మాటలో ఒక మెలిక ఉంది. ఏ లోకం? ఎవరి నింద?

1872 ఫిబ్రవరి 8వ తేదీ సాయంత్రం పోర్ట్ బ్లెయిర్ రేవుకు ఎదుటి ఒడ్డునున్న హోప్‌టౌన్ వద్ద వైస్రాయి లార్డ్ మేయో కత్తిపోట్లకు గురై మరణించాడు. పొడిచినవాడు షేర్ అలీ అనే ఆఫ్రిదీ పఠాను. అంతకు పూర్వం అతడు పంజాబులో బ్రిటిష్‌వారి కొలువులో మంచి పేరు తెచ్చుకొన్నవాడు. కుటుంబ కక్షలో శత్రువును చంపినందుకు అతనికి ఉరిశిక్ష పడి, తరువాత అది ద్వీపాంతరవాసంగా మారింది. ఇక్కడా సత్ప్రవర్తన చూపటం వలన మంగలిపని చేసుకొనే వెసులుబాటు దొరికింది. పగ తీర్చుకోవటం అతని కొండసీమలో నేరం కాదు, కర్తవ్యం, తీర్చుకోకపోవటమే అప్రతిష్ఠ. తన నేరమేదో అతనికి చివరిదాకా అర్థం కాలేదు. తనకు అన్యాయం జరిగిందన్న భావం మాత్రం మిగిలింది. ఆ ఏడాది మార్చిలో వైపర్ ద్వీపంలో అతనిని ఉరి తీశారు. చట్టం ఒక వైపు, పరువు మరొక వైపు లాగినప్పుడు మనిషి ఎటు మొగ్గుతాడో ఈ ఉదంతం చెబుతుంది.

చంబల్ లోయ బందిపోటు తనను ‘బాగీ’ అని పిలుచుకొన్నాడు గాని ‘డాకూ’ అని కాదు. తిరుగుబాటుదారుకు గౌరవముంది, దొంగకు లేదు. పోలీసులకు లొంగని వారు 1960లో వినోబా భావే ఎదుట, 1972లో జయప్రకాశ్ నారాయణ్ పిలుపు మేరకు ఆయుధాలు దించటానికి కారణం, అక్కడ లొంగిపోవటం ఓటమిగా కాక ప్రాయశ్చిత్తంగా కనిపించటమే.

మన ఇళ్ళలోనే దీనికి నిదర్శనం కావాలంటే కట్నాన్ని చూడవచ్చు. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. పుచ్చుకోవటమూ నేరమే, ఇవ్వటమూ నేరమే. అయినా పెళ్ళిపందిరిలో కట్నపు మొత్తాన్ని గొంతు తగ్గించి చెప్పేవారికంటె గొంతు పెంచి చెప్పేవారే ఎక్కువ. లోకం నిందించని నేరాన్ని చట్టం ఒంటరిగా నిందించి గెలవలేదు. దీనికి మారుగా 1990ల తొలి సంవత్సరాలలో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవారు సారా దుకాణానికి అడ్డం నిలిచినప్పుడు వారి చేతిలో చట్టం లేదు. ఉన్నదల్లా తాగివచ్చిన భర్తలనూ, సారా కాంట్రాక్టర్లనూ నలుగురిలో నిలదీసే ధైర్యమే. ఆ నిలదీతే రాష్ట్రమంతటా వ్యాపించి 1993లో సారా నిషేధానికి దారితీసింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం మాత్రం 1997లోనే సడలింది. మొదటిది ఊరి గుండెలోనుంచి వచ్చినది, రెండవది ప్రధానంగా చట్టం మీదనే ఆధారపడినది.

చెరగని ముద్ర

సిగ్గు మందు అయితే, మోతాదు మించిన మందు విషం. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని జాతులకు జాతులనే పుట్టుకతో నేరస్థులని ప్రకటించింది. 1911లో ఆ చట్టం మద్రాసు రాజధానికి విస్తరించింది. ఎరుకలవారు ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ ఊరూరా చేరవేసి బ్రతికినవారు. రైళ్ళు, ఉప్పుపై ప్రభుత్వ విధానాలు ఆ వర్తకాన్ని దెబ్బతీశాయి. బ్రతుకు పోగొట్టుకొన్నవారికి దొంగలన్న పేరు మిగిలింది. 1913 ప్రాంతంలో బాపట్ల సమీపాన సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో వారికోసం ఒక కట్టడి ఊరు వెలసింది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేర దానికి స్టూవర్టుపురమని పేరు పెట్టారు. ఊరు దాటాలంటే అనుమతి చీటీ, వేళకు హాజరు.

1952లో చట్టం రద్దయింది. ముద్ర మాత్రం రద్దు కాలేదు. ఊరి పేరు చెబితే అనుమానం, పని అడిగితే నిరాకరణ. దొంగతనం చేసినా దొంగే, చేయకున్నా దొంగే అయినప్పుడు మంచిగా ఉన్నందువలన మిగిలేదేమిటి? నిందకు అంతు లేనిచోట నిందకు బలమూ ఉండదు. కవి గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం ఈ ఊరికి వెళ్ళి సంస్కరణకు పూనుకొన్నప్పుడు మొదట చేసిన పని వారిని మనుషులుగా పలకరించటం. చంబల్‌లో వినోబా వెంట నడిచిన అనుభవం ఆమెకు ఉన్నది.

ఆస్ట్రేలియా పండితుడు జాన్ బ్రెయిత్‌వెయిట్ 1989లో ఈ భేదాన్నే సిద్ధాంతంగా చెప్పాడు. తప్పును నిందించి తప్పు చేసినవానిని మళ్ళీ తనలో చేర్చుకొనే సమాజంలో నేరాలు తగ్గుతాయి. మనిషినే నిందించి వెలివేసే సమాజంలో పెరుగుతాయి. తల్లి బిడ్డను కొట్టి, ఆ రాత్రే అన్నం కలిపి పెడుతుంది. ఆ దెబ్బకూ, గెంటివేతకూ ఉన్న అంతరమే ఇది.

ఖైదీల మనుమలు

ఈ సిద్ధాంతానికి అండమాన్‌ను మించిన పరీక్షశాల దొరకదు. 1926లో స్టూవర్టుపురం వంటి ప్రయోగమే ఇక్కడా జరిగింది. సంయుక్త రాష్ట్రాల నుంచి ‘నేరస్థ జాతి’గా ముద్రపడిన భాంతూలను సాల్వేషన్ ఆర్మీ తీసుకొని వచ్చి ఫెరార్‌గంజ్ ప్రాంతంలో స్థిరపరచింది. ఇక్కడ వారికి భూమి దొరికింది. మరొకటి కూడా దొరికింది: వారిని వేలెత్తి చూపగల ఇరుగుపొరుగు లేకపోవటం. వారి సంతతి సేద్యంలో, ఉద్యోగాలలో కలిసిపోయింది.

అంతకు ముందే ఖైదీల సంతానంతో ఏర్పడిన ‘లోకల్ బార్న్’ సమాజం కూడా అంతే. వారి తాతలు దేశం నలుమూలల నుంచి హత్యలకు, దోపిడీలకు శిక్షపడి వచ్చినవారు. కులాలు కలిశాయి, మతాలు కలిశాయి, హిందుస్తానీ అందరి భాష అయింది. దొంగ బిడ్డ దొంగే అవుతాడన్న నమ్మకం నిజమైతే ఈ దీవులు దొంగలతో నిండి ఉండవలసింది. అలా కాలేదు. ఆ సంతతిలో ఉపాధ్యాయులు, అధికారులు, వర్తకులు తయారయ్యారు.

2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో నూటికి సుమారు 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. వారిలో ఎక్కువమంది స్వాతంత్ర్యం తరువాత ఉత్తరాంధ్ర తీరం నుంచి చేపల వేటకు, కూలికి, కొలువుకు వచ్చినవారి సంతతి. డైరీ ఫార్మ్ వంటి పేటలో ఉండేవాడు తన ఊరి కంటికి దూరంగా, సముద్రానికి ఇవతల ఉన్నాడు. మరి వానిని కట్టిపడేసేదేమిటి? పోలీసు ఠాణా ఉంది, నిజమే. కాని అంతకంటె దగ్గరగా, ఒకే తీరం నుంచి వచ్చిన పొరుగువారున్నారు. పూర్వం కబురు విశాఖపట్నం ఓడ ఎక్కి నెమ్మదిగా ఊరు చేరేది; ఇప్పుడు ఫోనులో క్షణాలలో చేరుతుంది. ఊరు విడిచి వచ్చినవారు ఊరి చూపును వెంట తెచ్చుకొన్నారు. ఆ చూపులో గద్దింపుతోపాటు కష్టంలో ఆదుకొనే ఆప్యాయత కూడా ఉన్నంతకాలం దానికి బలముంటుంది.

ఉరికంబం నిలబెట్టి చూశారు. భూమి ఇచ్చి చూశారు. ఏకాంతపు కొట్లు కట్టి చూశారు. ఒక శతాబ్దపు ప్రయోగాల చివర తేలినది సామాన్యుడెరిగిన సంగతే. పట్టుబడతానన్న భయం చేతిని ఆపుతుంది. నా వాళ్ళు ఏమనుకొంటారో అన్న వెరపు మనసును ఆపుతుంది. అయితే ఆ రెండవ వెరపు కలగాలంటే, ‘నా వాళ్ళు’ అని చెప్పుకొనేందుకు మనిషికి ఎవరైనా ఉండాలి. తప్పు చేసినవానికి ఆ నలుగురినీ లేకుండా చేసిన సమాజం, తనను కాపాడే గోడను తానే పడగొట్టుకొంటుంది.